చివరి జాడింపు నీళ్లు

మార్చి 3

మా నీలిగోళ్ల తల్లికి,

మన నీళ్లు తెల్లబడ్డాయటగా తల్లీ! నీ ఉత్తరం చేతికి రాగానే చెప్పులైనా తొడుక్కోకుండా వీధిలోకి వచ్చేశాను. "ముల్లంగి రసం పోస్తే నువ్వు పంపిన నీళ్లలో రంగు విరిగి అడుక్కి దిగిపోయింది నాన్నా, రోజులు గడిచినా రసం బలం తగ్గలేదు" అని రెండే రెండు ముక్కలు రాశావు. ఆ రెండూ నాకు కంఠతా వచ్చేశాయి. ఉత్తరం తెచ్చినాయనకే ముందు చదివి వినిపించాను. పాపం, ఆయన ఇంకా వీధంతా పంచాలి. అయినా సైకిలు స్టాండు వేసి మరీ విన్నాడు.

ఫోన్ చెయ్యకుండా రాసి మంచి పని చేశావు. కార్ఖానా మోతకి పోయిన చెవులు నావి. ఫోనులో సగం వినబడదు, మిగతా సగం నేనే కల్పించుకుంటాను. కాగితమైతే ఎన్నిసార్లయినా వినొచ్చు.

మీ అమ్మకి చెబితే వంటింట్లోంచే, "తెల్లబడింది నీళ్లేనా, మీ బుర్ర కూడానా?" అంది. అంటుంది గాని, నీ ఉత్తరం తీసుకెళ్లి పప్పుడబ్బా వెనక దాచుకుంది. మా అక్కకి, అదే మీ పెద్దత్తకి చెప్పాను. ఆవిడకి చెబితే ఇక ఊరికి చెప్పక్కర్లేదు కదా. మీ మావయ్య బస్సు దిగి టిక్కెట్ల సంచీతోనే ఇటొచ్చాడు. అంతా విని నా చేతులు తిప్పి తిప్పి చూసి, "ముల్లంగితో రంగు పోయేదైతే బావగారి చేతులు ఇంకా ఇలా ఎందుకున్నాయి?" అన్నాడు. రిటైరై ఇన్నాళ్లయినా నా అరచేతుల్లో గీతలన్నీ నీలమే కదా. ఆయన వెళ్లాక చాటుగా ముల్లంగి ముక్క ఒకటి రుద్ది చూసుకున్నాను. మీ అమ్మ చూసేసింది. ఇంక చెప్పేదేముంది.

నువ్వు చిన్నప్పుడు నీలం తొట్టిలో వేళ్లు ముంచి, గోళ్లు వదలక, బడిలో చేతులు జేబుల్లో దాచుకుని తిరిగేదానివి. అప్పుడు నాకు సిగ్గేసేది, నా పని నీ చేతికంటుకుందని. ఇవాళ ఆ చేతులే మన ఇళ్ల వరస వెనక కాలవని కడగబోతున్నాయి. ఎర్ర గుడ్డ వేసిన రోజు ఎర్రగా, పచ్చ గుడ్డ వేసిన రోజు పచ్చగా పారే ఆ కాలవ మామూలు నీళ్ల రంగులో పారడం నేను చూస్తానా? చూస్తాను.

అన్నట్టు ఆ నీళ్ల సంగతి నీకు చెప్పనేలేదు. "కార్ఖానాలో అద్దకం అయ్యాక బయటికి వదిలే నీళ్లు ఒక డబ్బాడు పంపు నాన్నా" అని రాశావు కదా. ముందు ఎర్ర తొట్టి దగ్గరికే వెళ్లాను. మూత తీస్తే ఆవిరి, సోడా ఘాటు, పైన తెట్టు. ముంచిన మగ్గు తిరిగి అందులోనే ఒంపేశాను. అంత చదువుకున్నవాళ్ల మధ్య నా కూతురు "మా నాన్న పంపాడు" అని ఈ కంపు మూత విప్పాలా అనిపించింది. అందుకని గుడ్డ మళ్లీ మళ్లీ జాడించాక ఆఖరి తొట్టిలో మిగిలిన నీళ్లు పట్టాను. రంగు రంగే, కంపు మాత్రం లేదు. ఒక పూట తేరనిచ్చి, మెత్తటి గుడ్డ రెండు మడతలేసి వడకట్టి, కొత్త డబ్బాలో పోసి, చీటీ మీద "అద్దకం నీళ్లు" అని గుండ్రంగా రాశాను. పిల్లకి మొహం కడిగి తల దువ్వి బడికి పంపినట్టు పంపాను. చూశావా, బడిలో ఫస్టొచ్చింది.

రాత గీత తప్పుతోంది, ముసలితనం కాదు, సంతోషం. అక్షరాలు కుదరకపోతే నువ్వే కుదుర్చుకుని చదువుకో.

నేల మీద కాళ్లు నిలవని
మీ నాన్న


మార్చి 11

నాన్నా,

నీ ఉత్తరం అందింది. ఒకటికి రెండుసార్లు చదివాను. మీ ఇద్దరి మోకాళ్లు ఎలా ఉన్నాయి? పెద్దత్త దగ్గు తగ్గిందా?

ఇక్కడ నా రోజంతా ముల్లంగులతోనే. పొద్దున్నే కూరల బజారుకి వెళ్లి, లావుపాటివి కాకుండా సన్నటి వేర్లు, ఘాటున్నవి ఏరుకొస్తాను. తొక్కతోనే తురిమి, చలిగదిలో పిండి, రసం వడకట్టి, మరలో గిరగిరా తిప్పి తేటనీరు తీస్తాను. చేతులు ఎంత కడిగినా వాసన పోదు. బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీనే. మావయ్య బస్సైతే నాకు డబుల్ టిక్కెట్టు కొట్టేవాడు.

ఆ రసంలో ఏముందని అడిగావు కదా ఒకసారి. దాన్ని పెరాక్సిడేజ్ అంటారు. ప్రాణి కాదు. చాలా పొందికగా చుట్టుకున్న దారపుండ అనుకో. ఆ చుట్టు చెదరనంతసేపు పనిచేస్తుంది. మన కార్ఖానాలో నూలు తెలుపు చెయ్యడానికి పోస్తారే పెరాక్సైడు, అది చుక్క చుక్క అందిస్తే, దాని సాయంతో రంగుని పట్టుకుని ముద్దగట్టి కిందకి దింపేస్తుంది. చుట్టు విడిపోయిందా, అది ఉత్త ముల్లంగి నీళ్లే. ఎంతసేపు చెదరకుండా ఉంటుంది, ఎక్కడ విడిపోతుంది అన్నది చూడటమే నా ఉద్యోగం.

నాన్నా, ఈ కబురు ఇప్పుడే అందరికీ చెప్పకు. చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. ఇంకో మాట. ఈసారి ఆఖరి తొట్టి నీళ్లు కాదు, గుడ్డ ముంచి తీసిన తొట్టి నీళ్లే పంపు. వడకట్టకు. తెట్టుంటే తెట్టుతోనే పంపు.

అమ్మని అడిగానని చెప్పు.

నీ కూతురు


మార్చి 19

తల్లికి,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. "తెట్టుంటే తెట్టుతోనే పంపు" అన్నావు. ఆ మాట వెనక మాట నాకు అర్థం కాదనుకున్నావా? నేను పంపినవాటిలో ఏ నలకో కనబడి ఉంటుంది. నలుగురిలో నిన్నేదో అని ఉంటారు. నువ్వు మింగుకుని మింగుకుని చివరికి నా మీద అలా విసిరావు. కోప్పడు, పరవాలేదు. నాన్న మీద కాక ఎవరి మీద కోప్పడతావు?

మీ అమ్మ మాత్రం, "పిల్ల ఏం రాసిందో అదే చెయ్యండి, దానికి భాష్యాలెందుకు?" అంది. దానికేం తెలుసు! ఇంటికి పెద్దమనిషి వచ్చినప్పుడు "ఉన్నదేదో పెట్టండి" అంటాడు. అన్నాడని ఉన్నదే పెడతామా?

అందుకని ఈసారి ఇంకా శుభ్రమైన నీళ్లు పంపుతున్నాను. రెండు రోజులు కదపకుండా తేరనిచ్చాను. మూడు మడతల గుడ్డలో వడకట్టాను. డబ్బా వేణ్ణీళ్లతో కడిగాను. వీటిలో ఎవరైనా నలక చూపిస్తే నేను అద్దకం మేస్త్రీనే కాదు.

ఇక కబురు సంగతి. చెప్పొద్దన్నావు, కాని నీ మాట చేరేసరికే కబురు ఊరు దాటింది తల్లీ. పెద్దత్త నోట పడింది కదా. దూరాన ఉన్న మీ పిన్నికి నేనే కార్డు రాసేశాను. మీ మావయ్య కొత్తల్లుడు వీధిలో కనబడితే, ఆ అబ్బాయి పేరైనా గుర్తు రాలేదు గాని, విషయం మొత్తం చెప్పాను. మా ముసలి మేనత్త దగ్గరికి పనిగట్టుకుని వెళ్లాను. కళ్లు పోయాయి కదా, నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, "ఇప్పుడు కాలవ ఏ రంగులో ఉందిరా?" అంది. "ఇవాళ ఎరుపు, త్వరలో ఏ రంగూ ఉండదు" అన్నాను. చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.

అసలు సంగతి వినలేదు నువ్వు. యజమాని నన్ను లోపలికి పిలిచి, తన ఎదురుగా కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు. అన్నేళ్లు పనిచేశాను, ఆ గదిలో కుర్చీ మెత్తగా ఉంటుందని ఇప్పుడే తెలిసింది. "మీ అమ్మాయిని రమ్మను మేస్త్రీ. అందరి ముందూ మన ఎర్ర తొట్టిలోనే చేసి చూపించమను. నిజంగా పనిచేస్తే కాలవలోకి వదిలే ముందు ఇక్కడే ఒక పెద్ద తొట్టి కట్టిద్దాం" అన్నాడు. వచ్చే నెల మూడో ఆదివారం అని నేనే చెప్పేశాను. మీ ల్యాబులో పెద్ద మేడమ్‌గారినీ తీసుకురా. మన ఇంట్లోనే దిగొచ్చు. మంచం దుప్పటి మారుస్తానంది మీ అమ్మ.

తప్పు డబ్బా పంపినందుకు సిగ్గుపడుతూ, మంచి డబ్బా పంపినందుకు ధైర్యపడుతూ,
మీ నాన్న


ఏప్రిల్ 2

నాన్నా,

రెండో డబ్బా వచ్చింది. శుభ్రంగా ఉంది.

ఆదివారం నేను రాలేను. మేడమ్ ఒప్పుకోలేదు. ఇప్పుడే బయట చూపించడం ఆవిడకి ఇష్టం లేదు. యజమానికి నువ్వే ఎలాగో సర్దిచెప్పు. పని ఒత్తిడి అని చెప్పు.

నా మీద కోపం తెచ్చుకోకు. వివరంగా తర్వాత రాస్తాను. నిజంగా రాస్తాను.

నీ కూతురు


ఏప్రిల్ 14

తల్లికి,

నీ మీద కోపమా? నీ మీద నాకు కోపం ఎప్పుడొచ్చింది గనక. వచ్చిందంతా ఆ మేడమ్ మీదే. నాకు తెలుసమ్మా ఈ వరస. కార్ఖానాలో కొత్త రంగు కలిపింది తొట్టి దగ్గరవాడు, పేరు పడింది ఆఫీసు గదిలోవాడికి. ముల్లంగి తురిమింది నువ్వు. బస్సులో పక్క సీటు ఖాళీగా కూర్చుంది నువ్వు. రేపు పత్రికలో బొమ్మ పడేది ఆవిడది. అందుకే నిన్ను రానివ్వడం లేదు. నీ ఉత్తరం అంత పొట్టిగా ఉందంటే పక్కన నిలబడి రాయించారేమో అని కూడా అనుకున్నాను.

యజమానికి సర్దిచెప్పమన్నావు. వెళ్లాను. తలుపు దాకా వెళ్లి తిరిగొచ్చాను. పని ఒత్తిడి అని చెబితే మీ మావయ్య ఊరుకుంటాడా? "ముల్లంగి పండలేదా ఇంకా?" అని బస్సులో ఎక్కేవాళ్లందరికీ టిక్కెట్టుతో పాటు అందిస్తాడు.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. ఎలా చెయ్యాలో నువ్వే రాశావు కదా, తొక్కతో తురిమి, పిండి, వడకట్టి, పెరాక్సైడుతో పొయ్యాలని. నాకు చేతకానిదేముంది ఇందులో? నాకు వచ్చిన పనే కొలవడం, కలపడం, పొయ్యడం. ఆదివారం నేనే చేస్తాను. నీ పేరు చెప్పి చేస్తాను. నీళ్లు తెల్లబడ్డాక నలుగురూ చూశాక ఏ మేడమ్ వచ్చి కాదంటుందో చూస్తాను.

మీ అమ్మ వద్దంది. "దాన్ని అడిగి చెయ్యండి" అంది. అడిగితే నువ్వు భయంతో వద్దంటావు. అందుకే అడగటం లేదు, చెబుతున్నాను. ఇది నీకు అందేసరికి కాలవ నీ మాట వింటూ ఉంటుంది.

నీ తరపున నిలబడ్డ
మీ నాన్న


ఏప్రిల్ 23

తల్లీ,

ఎలా రాయాలో తెలియడం లేదు. ఆదివారం ఫోను మోగుతూనే ఉంది, నువ్వే అయ్యుంటావు. మీ అమ్మని తియ్యొద్దన్నాను.

జరిగింది చెబుతాను. పొద్దున్నే పెరట్లో కూర్చుని ముల్లంగులు తురిమాం. మీ అమ్మ తురిమింది, పెద్దత్త పిండింది, నేను వడకట్టాను. రెండు బకెట్ల రసం అయ్యింది. కళ్ల నీళ్లు కారుతుంటే అందరం నవ్వుకున్నాం. మీ అమ్మ కూడా నవ్వింది, అది గుర్తుంచుకోవాలి. మధ్యాహ్నం షిఫ్టు దిగేవేళకి కార్ఖానాకి వెళ్లాం. వరసలో వాళ్లంతా వచ్చారు. గోడ మీద కూర్చున్నవాళ్లు కూర్చున్నారు. యజమాని వచ్చాడు. మీ మావయ్య కొత్తల్లుడు కూడా వచ్చాడు.

ఎర్ర తొట్టి మూత తీశారు. "ఇది నా కూతురు కనిపెట్టింది" అని గట్టిగా చెప్పాను. నాకు వినబడాలని గట్టిగా చెప్పాను. చెప్పి పోశాను. పెరాక్సైడు కూడా పోశాను. చుక్కలన్నావు, అంత పెద్ద తొట్టికి చుక్కలేం చాలుతాయని మగ్గుతో పోశాను.

నురగ లేచింది. రసం పాలు విరిగినట్టు విరిగింది. ముల్లంగి పిప్పి కొంచెం గుడ్డలోంచి జారినట్టుంది, పైన తేలింది. కంపు కొట్టింది. నీళ్లు ఎర్రగానే ఉన్నాయి. నేను "కాసేపు ఆగండి, కాసేపు ఆగండి" అంటూ కర్రతో కలుపుతూనే ఉన్నాను. జనం కాసేపాగారు. తర్వాత గోడ మీద ఎవరో దగ్గారు. తర్వాత ఒక్కొక్కరే వెళ్లారు. నవ్వలేదు. నవ్వితే బావుండేది.

యజమాని, "పోనీలే మేస్త్రీ, ముల్లంగులే కదా" అన్నాడు. అన్నేళ్లలో నా తొట్టి ఒకటి చెడిపోయినప్పుడు తిట్టాడు గాని ఇలా పోనీలే అనలేదు. ఇక మీ మావయ్య. ఏమంటాడో అని ఎదురుచూస్తూ నిలబడ్డాను. నా చేతిలోంచి కర్ర తీసుకుని పక్కన పెట్టి, భుజం మీద చెయ్యేసి ఇంటిదాకా తీసుకొచ్చాడు. ఖాళీ బకెట్లు తనే మోశాడు. దానికంటే ఎగతాళి చేసినా భరించేవాణ్ణి.

మగ్గుతో పొయ్యడం తప్పు. చుక్కలని నువ్వు రాశావు. నేను నీ మాట కాదని పోశాను. నీ పేరు చెప్పి పోశాను. ఇప్పుడు వీధిలో ముల్లంగి అన్న మాట వినబడితే నాకు నీ పేరు వినబడినట్టే ఉంది. బయటికి వెళ్లడం లేదు. పాలవాడొస్తే మీ అమ్మే వెళుతోంది.

నన్ను ఏమన్నా అను. అనకుండా మాత్రం ఉండకు.

నాన్న


మే 1

నాన్నా,

మగ్గు తప్పు కాదు. ముందు ఇది చదువు, తర్వాత మిగతాది చదువు. మగ్గు తప్పు కాదు. పెరాక్సైడు ఎక్కువైతే రసం చెడుతుంది, నిజమే. కాని నువ్వు చుక్క చుక్కగా పోసినా ఆ తొట్టిలో నీళ్లు తెల్లబడేవి కావు. నేను వచ్చి పోసినా తెల్లబడేవి కావు.

ఎర్ర తొట్టిలో సోడా ఉంటుంది, ఉప్పు ఉంటుంది, పొగలు కక్కే వేడి ఉంటుంది. దారపుండ అని రాశాను కదా. ఆ సోడాలో, ఆ వేడిలో పడితే చుట్టంతా ఒక్కసారిగా విడిపోతుంది. పాలు విరిగినట్టు అయ్యిందన్నావు, అదే అది. నువ్వు నాకు పంపిన ఆఖరి జాడింపు నీళ్లలో సోడా లేదు, ఉప్పు లేదు, వేడి లేదు. ఉత్త రంగు. వాటిలో రసం హాయిగా బతికింది. రోజుల తరబడి బలం తగ్గలేదని నేను అందరికీ చెప్పింది ఆ నీళ్ల సంగతి. కార్ఖానా నీళ్ల సంగతి కాదు.

ఇందులో నీ తప్పేదో ఉందని అప్పుడే మొదలుపెట్టకు. నువ్వు ఏరి పంపావు, ఎందుకు ఏరావో నాకు తెలుసు. నా తప్పు విను.

మొదటి డబ్బా మూత తీసిన రోజే ఆ నీళ్లు పరీక్ష చేశాను. కుళాయి నీళ్లంత మెత్తగా, సోడా ఘాటే లేకుండా ఉన్నాయి. మా పక్క బల్ల అమ్మాయి చూసి, "అద్దకం నీళ్లు ఇంత మెత్తగా ఉంటాయా?" అని అడిగింది. నాకూ అదే అనుమానం వచ్చింది. వచ్చినా, "మా నాన్న ఆ తొట్ల దగ్గరే జీవితమంతా పనిచేశారు, ఆయనే స్వయంగా పట్టి పంపారు" అన్నాను. ఆ అమ్మాయి తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది. నీ పేరు అడ్డుపెట్టి ఆ పిల్ల నోరు మూయించాను నాన్నా. ఫలితం నాకు అనుకూలంగా వస్తోంది, అందుకని అడగాల్సిన మాట నిన్ను అడగలేదు.

తర్వాత నీ మొదటి ఉత్తరం వచ్చింది. ఆఖరి తొట్టి, రెండు మడతల గుడ్డ, తల దువ్విన పిల్ల. అప్పుడు అంతా తెలిసిపోయింది. ఆ సాయంత్రమే సోడా, ఉప్పు కలిపి, వేడి చేసి, రసం పోసి చూశాను. నువ్వు ఆదివారం చూసిందే నేను అప్పుడు చూశాను. చూసి గ్లాసు కడిగేసి ఇంటికెళ్లాను. నీకు రాయొచ్చు. రాయలేదు. నువ్వు చెప్పుల్లేకుండా వీధిలోకి పరిగెత్తావు. ఆ మనిషికి ఎలా రాయను అనుకున్నాను. అది నీ మీద ప్రేమ అని నాకు నేను చెప్పుకున్నాను. సగం అదే. మిగతా సగం నా సిగ్గు. మేడమ్ ఒప్పుకోలేదని రాశాను కదా, ఆవిడని నేను అడగనేలేదు. ఆవిడకి నీ ఆదివారం సంగతే తెలియదు. నా అబద్ధం నమ్మి నువ్వు బకెట్లు మోసుకెళ్లావు.

నువ్వే చేస్తానన్న ఉత్తరం ఆ సోమవారం అందింది. ఆదివారం పొద్దున్న అమ్మ ఒకసారి ఫోను చేసి, నేను ఎత్తేలోపే పెట్టేసింది, అందుకే నేను రోజంతా మోగించాను. తర్వాతి ఉత్తరం వచ్చాక, మావయ్య బకెట్లు మోశాడని చదివాక, ఇక దాచడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

నిన్న మా దగ్గర అందరూ కూర్చునే సమావేశంలో లేచి చెప్పాను. ఏ నీళ్లో, నాకు ఎప్పుడు తెలిసిందో, ఎన్నాళ్లు ఊరుకున్నానో. పక్క బల్ల అమ్మాయి పేరు పెట్టి, తను అడిగింది సరైన మాటే అని చెప్పాను. మేడమ్ కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. "నీళ్లు అబద్ధం చెప్పలేదు. నువ్వు అడగలేదు, అంతే. అసలు నీళ్లు తెప్పించు" అన్నారు. దీని మీద పత్రికకి పంపిన వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాం. వచ్చే ఏడాదికి నన్ను ఉంచుతారో లేదో తెలియదు. మొన్నటిదాకా నాతో టీ తాగినవాళ్లు కొందరు ఇవాళ వేరే బల్ల దగ్గర తాగారు.

ముల్లంగిలో లోపం లేదు నాన్నా. తొట్టి నీళ్లు చల్లార్చి, సోడా ఘాటు విరిచి, అప్పుడు పోస్తే కొంచెం పనిచేస్తుందేమో. ఏమో అంటున్నాను. ఈసారి చూడకుండా చెప్పను.

నువ్వు నన్ను ఏమన్నా అనొచ్చు. అనకుండా మాత్రం ఉండకు అని నువ్వే రాశావు. నేనూ అదే అడుగుతున్నాను.

నీ నీలిగోళ్లు


మే 9

మా నీలిగోళ్ల తల్లికి,

మంచి కబురమ్మా, ఎర్ర తొట్టి నీళ్లు బయల్దేరాయి. ఆవిరితో పట్టాను, తెట్టుతో పట్టాను, కంపుతో పట్టాను. మగ్గు ముంచాక చెయ్యి తనంతట తానే వడకట్టే గుడ్డ వైపు వెళ్లింది. మీ అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. అందుకోసమే వెంట వచ్చిందట. చీటీ కూడా తనే రాసింది, "ఎర్ర తొట్టి, వడకట్టలేదు, ఏరలేదు" అని. నా దస్తూరి అంత గుండ్రంగా లేదు గాని, ఈసారి చీటీ నిజం చెబుతోంది.

నీ ఉత్తరం చదివాక కోపం వచ్చింది. అనమన్నావు కదా, అంటున్నాను. ఒక పూటంతా వచ్చింది. మొదటి ఉత్తరానికే తెలిసిందట, ఆదివారం దాకా నన్ను బకెట్లు మోయనిచ్చిందట అని గోడకి చెప్పుకుంటూ కూర్చున్నాను. మీ అమ్మ కాసేపు విని, "అది చెప్పలేదు సరే. తెట్టుతోనే పంపు అని చెబితే మీరు విన్నారా? ఇద్దరికి ఇద్దరే" అంది. అప్పుడు ఇంకో రకం సిగ్గు వచ్చి కోపాన్ని పక్కకి నెట్టేసింది. నువ్వు అడిగావు. నీ పని ఏమిటో నేను ఆలోచించలేదు, నా పరువు సంగతే ఆలోచించాను. నా కంపు నీ బల్ల మీద ఉండకూడదనుకున్నాను. నీ ఉద్యోగమే ఆ కంపుతో అని నా బుర్రకి ఎక్కలేదు. నువ్వు బడిలో చేతులు జేబుల్లో దాచుకున్నట్టే నేనూ దాచాను చూడు. ఇద్దరం నా చేతులే దాచాం.

మేడమ్‌గారిని ఈ నోటితో ఎన్ని మాటలన్నాను! వీలైతే ఆవిడకి నా నమస్కారం చెప్పు. ఎందుకని అడిగితే ఏదో ఒకటి చెప్పెయ్... వద్దులే, నిజమే చెప్పు.

నలుగురిలో లేచి నిలబడ్డానని రాసిన చోట మాత్రం కాగితం అటిచ్చి మీ అమ్మని పైకి చదవమన్నాను. కళ్లజోడు ఉంది, అక్షరాలే ఆగలేదు. నీళ్లు తెల్లబడ్డాయని విన్నప్పుడు నేను చెప్పుల్లేకుండా పరిగెత్తాను. ఇది విన్నప్పుడు చెప్పులు వేసుకుని, తల దువ్వుకుని, నెమ్మదిగా నడిచి యజమాని దగ్గరికి వెళ్లాను. ఆ ఆదివారం తర్వాత అదే మొదటిసారి గడప దాటడం. కుర్చీ వెయ్యమనబోతే వద్దన్నాను. నిలబడే చెప్పాను, తప్పుడు నీళ్లు పంపింది నేను, రసం పనిచెయ్యదని తెలిశాక ఆ మాట నలుగురికీ చెప్పింది నా కూతురు, కొత్త తొట్టి సంగతి ఇప్పుడే ఆలోచించొద్దు అని. ఆయన బల్ల మీది కాగితాలు సర్దుకుంటూ, "తొట్టి నీళ్లు ఎన్ని డబ్బాలు కావాలంటే అన్ని పట్టుకెళ్లు" అన్నాడు. అంతే. దాన్ని మంచనుకోవాలో చెడనుకోవాలో తెలియలేదు. డబ్బా మాత్రం నింపుకున్నాను.

వచ్చే ఏడాది నిన్ను ఉంచకపోతే ఇంటికి రా. ఉంచితే అక్కడే ఉండు. రెంటికీ మంచం దుప్పటి మారుస్తానంది మీ అమ్మ. టీ తాగడానికి తోడు లేకపోతే ఆ పక్క బల్ల అమ్మాయిని పిలు. మనల్ని సరైన మాట అడిగింది ఆ పిల్ల ఒక్కతే.

ఇక నా పని మిగిలి ఉంది. సంతోషంగా ఉన్నప్పుడు ఒక్క రోజులో చెప్పేశాను. ఇప్పుడు ఒక్కొక్కరి గడపకీ వెళ్లి వెనక్కి తీసుకోవాలి. ఎవరెవరికి చెప్పాలో మీ అమ్మ పక్కన కూర్చుని గుర్తుచేస్తుంటే రాస్తున్నాను, ఎవరినైనా మరిచిపోతే నువ్వు కలుపు.

మీ పెద్దత్త. ఈవిడకి రెండుసార్లు చెప్పాలి. మంచి కబురైతే ఒక్కసారికే ఊరు దాటిస్తుంది, ఇది గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

మీ మావయ్య. ఆయన నవ్వొచ్చు. ఈసారి నవ్వమని నేనే అడుగుతాను. బకెట్లు మోసినందుకు చెప్పాల్సిన మాట కూడా ఒకటి బాకీ ఉంది.

మావయ్య కొత్తల్లుడు. ముందు పేరు కనుక్కుని, తర్వాత చెప్పాలి.

దూరాన ఉన్న మీ పిన్ని. కార్డు చాలదు, ఉత్తరమే రాయాలి.

ఉత్తరాలు తెచ్చే ఆయన. చుట్టం కాదు గాని, మొదట విన్నది ఆయనే.

మా ముసలి మేనత్త. ఆవిడకి ఎవరితోనూ కబురు పంపను, నేనే వెళతాను. చెయ్యి పట్టుకుని మళ్లీ ఏ రంగులో ఉందిరా అని అడుగుతుంది. ఎరుపే అత్తా, ఇంకా ఎరుపే అని చెప్పాలి.